సి7 గడిలో నల్లరాజు

ఏజెంట్ 58 ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో తెగిన చెప్పు కుట్టించుకుంటూ ఒంటికాలి మీద నిలబడి ఉండగా, చెవిలో హియరింగ్ ఎయిడ్ గరగరమంది.

గణపతిరావుకి చెవుడు లేదు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా చేసినా చెవులు బాగానే ఉన్నాయి. చెవిలో ఉన్నది ట్రాన్స్‌మిటర్.

"అంకుల్, ఆర్థర్‌ని. లైన్ సేఫేనా?"

గణపతిరావు అటూ ఇటూ చూశాడు. చెప్పు కుట్టేవాడు నోట్లో దారం పెట్టుకుని తన పనిలో తానున్నాడు.

"సేఫే."

"బ్రీఫింగ్ రెండు నిమిషాలు. మధ్యలో మాట్లాడకండి."

మాట్లాడకుండా ఉండడం గణపతిరావుకి కష్టమైన పని కాదు. ఆర్థర్ ఈ ఊరి వాడే. ఇప్పుడు ఢిల్లీలో పేరు లేని ఒక ఆఫీసుకి చీఫ్.

"విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో సిగ్నల్ సామాన్లు చేసే ఫ్యాక్టరీ ఒకటుంది. ఒక విదేశీ ముఠా అక్కడి కంప్యూటర్‌లో వైరస్ పెట్టింది. ఇవాళ సరిగ్గా పన్నెండు గంటలకి అది పని మొదలుపెడుతుంది. ఈ సెక్షన్‌లో సిగ్నళ్ళన్నీ ఒకేసారి గ్రీన్. ఎదురెదురుగా వచ్చే రైళ్ళకి కూడా గ్రీన్. అర్థమైందా?"

"ఊఁ."

"ఆపగలిగేది ఒక్క పెన్‌డ్రైవ్. పోయిన వారం పాల ప్యాకెట్లో మీ ఇంటికి పంపినాం. ఎక్కడుంది?"

"ఇన్‌స్టిట్యూట్‌లో. చదరంగం సెట్టు. నల్లరాజు కడుపులో."

రాజు అడుగున తొలిచి, మరచుట్టు మూత బిగించింది గణపతిరావే. ఆరు రోజులుగా పిల్లలంతా ఆ సెట్టుతోనే ఆడుతున్నారు. ఎవరికీ అనుమానం రాలేదు.

"గుడ్. ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళగలిగేది మన మనిషి ఒక్కతే. రెండేళ్ళుగా ముఠాలో వాళ్ళ మనిషిలాగే ఉంటోంది. ఫోటో లేదు. గొంతు రికార్డు లేదు. నేను కూడా ఆమెని చూడలేదు. పదకొండుకి మీ దగ్గరికి వస్తుంది. పేరు రెబెక్కా. హెన్రీగారి అమ్మాయి."

గాలిలో ఉన్న గణపతిరావు కాలు నేల మీద ఆనింది. తారురోడ్డు చుర్రుమంది. అతను కాలు తీయలేదు.

"వచ్చింది రెబెక్కాయో కాదో తేల్చడానికి హెన్రీగారు పోయే ముందు ఒక ప్రశ్న రాసి పెట్టినారు. పద్దెనిమిది వందల యాభై ఎనిమిది. పారిస్ ఒపేరాలో ఆడిన చదరంగం ఆట. నల్లవాళ్ళు తొమ్మిదో ఎత్తులో తప్పు చేశారు. అప్పుడు వాళ్ళు పోగొట్టుకున్న అవకాశం ఏది? ఇదీ ప్రశ్న. ఫైల్లో జవాబు లేదు. జవాబు రాయాల్సిన చోట 'గణపతికి తెలుసు' అని ఉంది. తెలుసా అంకుల్?"

గణపతిరావు చెప్పు కుట్టేవాడికి వీపు తిప్పాడు. "తెలుసు."

"ఏటది?"

"ఫోన్లో సెప్పేది కాదు."

సెక్యూరిటీ కోసం అలా అన్నాడని ఆర్థర్ అనుకున్నాడు. గణపతిరావు సిగ్గుతో అన్నాడు.

*

ఇన్‌స్టిట్యూట్ అంటే రైల్వే వాళ్ళ క్లబ్బు. దాని హాల్లో పొద్దుటిపూట ఎవరూ ఉండరు. ఒక మూల టేబుల్ టెన్నిస్ బల్ల, కిటికీ పక్కన చదరంగం బల్ల, ఆ చివర క్యాంటీన్ నడిపే టోని.

"అరే దాదా! ఇంత పెందలకడే?" టోని కెటిల్ దించి కేక వేశాడు. "ఏటి, ఒక్కడివే ఆడతావా? గెంతు హెన్రీ ఉంటే జోడీ కుదిరీది."

గణపతిరావు నేలకేసి చూశాడు. ఆ పేరు విన్నప్పుడల్లా అతను నేలకేసే చూస్తాడు. దాదాపు నలభై ఏళ్ళుగా అంతే.

ఆ కథ ఊరంతటికీ తెలుసు. తప్పుగా తెలుసు.

గణపతిరావు చదివింది మూడో తరగతి. చదరంగం నేర్చుకున్నది వర్క్‌షాపు షెడ్లో, లంచ్ టైములో, ఇనుప ప్లేటు మీద సుద్దతో గీసిన గళ్ళలో. నట్లు బంట్లు. బోల్టులు ఏనుగులు. అది నాటు ఆట. అందులో ఒక రూలుంది: ఆటలో ఇంకా ఒక్కసారి కూడా చెక్ పడని రాజు, ఒకే ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. ఆ షెడ్లో ఉన్న ప్రతివాడికీ అది తెలుసు. ప్రపంచమంతా అలాగే ఆడుతుందని గణపతిరావు అనుకున్నాడు. కాదని చెప్పినవాడు లేడు.

పక్క మిషన్ మీద పనిచేసే హెన్రీ ఒకరోజు ఆ పారిస్ ఆట ఉన్న కాగితం తెచ్చి చదివి వినిపించాడు. గణపతిరావు దాని మీద రెండు నెలలు కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం కనిపించింది. తొమ్మిదో ఎత్తులో నల్లరాజు తన గడిలోంచి గుర్రంలా గెంతి సి7లో దిగితే చాలు! తెల్లమంత్రి కన్నేసిన బి7 బంటుకి కాపలా దొరుకుతుంది. తర్వాత వచ్చే చావుదెబ్బలేవీ తగలవు. నూట ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ కనిపించని ఎత్తు!

1986. ఇన్‌స్టిట్యూట్ టోర్నమెంటు. బయటి ఊళ్ళ నుంచి పెద్ద ఆటగాళ్ళు వచ్చారు. హాలు నిండిపోయింది. గణపతిరావు స్టేజీ ఎక్కి, గోడకి తగిలించిన పెద్ద బోర్డు మీద నల్లరాజుని తీసి సి7లో పెట్టి, అందరి వైపూ తిరిగి నవ్వాడు.

మరుక్షణం హాలంతా నవ్వు. కుర్చీలు కొట్టి మరీ నవ్వారు.

"రాజుకి గుర్రం గెంతు నేర్పిన మహానుభావుడు ఎవరండీ?" అని ఒక పెద్దాయన అడిగాడు.

గణపతిరావు నోట్లోంచి మూడు మాటలు వచ్చాయి.

"హెన్రీ సెప్పినాడు సార్."

మూడో వరసలోంచి హెన్రీ లేచి నిలబడ్డాడు. స్టేజీ మీదకి ఒకసారి చూశాడు. "అవునండి, నా బుద్ధే. బుర్ర గెంతింది," అన్నాడు నవ్వుతూ. హాలు మళ్ళీ నవ్వింది. ఆ సాయంత్రానికే అతను గెంతు హెన్రీ అయిపోయాడు.

హెన్రీ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కొన్నేళ్ళకి ఆ పేరు లేని ఆఫీసులో రహస్య సంకేతాలు రాసే ఉద్యోగం వచ్చి ఊరు వదిలాడు. వెళ్ళే ముందు గణపతిరావుని కూడా ఆఫీసులో చేర్పించి, ఏజెంట్ 58 అని నంబరు ఇప్పించాడు. యాభై ఎనిమిదే ఎందుకో, ఆ పారిస్ ఆట తెలిసిన ఇద్దరికీ తెలుసు. హెన్రీ పోయినప్పుడు ఆఖరి చూపుకి గణపతిరావు వెళ్ళలేదు. రైలు దొరకలేదని చెప్పాడు. ఖరగ్‌పూర్ లాంటి పెద్ద జంక్షన్‌లో ఉండి రైలు దొరకలేదన్నాడు.

గణపతిరావు చెక్కబల్ల మీద పావులు పేర్చాడు.

*

పదకొండు కొట్టింది. ముందు సెంటు వాసన వచ్చింది. వెనకాల ఆమె వచ్చింది.

నీలం సిల్కు చీర, కళ్ళకి నల్లద్దాలు, భుజానికి తెల్లటి హ్యాండ్‌బ్యాగ్. సినిమా పోస్టరులోంచి దిగి తిన్నగా ఇక్కడికే వచ్చినట్టుంది. టోని కెటిల్‌లోని టీని గ్లాసులో కాకుండా బల్ల మీద పోశాడు.

"ఒపేరాకి టిక్కెట్లు దొరికాయా అంకుల్?"

"బాల్కనీయే మిగిలింది."

కోడ్ వర్డ్స్ సరిపోయాయి. ఆమె కూర్చుని అద్దాలు తీసింది. "నేను రెబెక్కాని."

గణపతిరావు ఆ ముఖంలో హెన్రీ కోసం వెతికాడు. చివరిసారి చూసినప్పుడు పిల్లకి ఐదేళ్ళు. ముక్కు హెన్రీదేనేమో. కాదేమో.

ఆట మొదలైంది. ఒక్కో ఎత్తూ ఆమే వేస్తూ, ఆమే చెబుతూ పోయింది.

"మూడో ఎత్తులోనే నల్లవాళ్ళు శకటుని బయటికి తెచ్చి పొరపాటు చేశారు. ఒక బంటు పోతుందని భయపడి అదే శకటుని గుర్రానికి ఇచ్చేశారు. ఏడో ఎత్తుకి తెల్లమంత్రి బి3కి వచ్చి, ఒకే చూపుతో రెండు బంట్ల మీద కన్నేసింది. ఎనిమిదిలో తెల్లవాడిది కూడా తప్పే అంకుల్. బి7 బంటు ఊరికే వస్తుంటే తినలేదు. తింటే మంత్రులు మారిపోయి, మెల్లగా గెలిచేవాడు. అందంగా గెలవాలని వదిలేశాడు."

అన్నీ సరైన మాటలే. తడుముకోకుండా వస్తున్నాయి.

"నల్లవైపు ఎవరు?" గణపతిరావు మొదటిసారి నోరు విప్పాడు.

"ఒక డ్యూక్, ఒక కౌంట్. ఇద్దరూ సలహా చేసుకుని ఆడారు."

"తొమ్మిదో ఎత్తు ఎవరిది?"

ఆమె నవ్వింది. "అది ఎవరికి తెలుస్తుంది? ఇద్దరిదీ."

గణపతిరావు తల దించుకున్నాడు. ఆ ఇద్దరు దొరలు ఒపేరా బాక్సులో కూర్చుని, పాటల మధ్య గుసగుసలాడుకుంటూ ఓడిపోయారు. ఆ తప్పు ఏ నోటి నుంచి వచ్చిందో హెన్రీ తెచ్చిన కాగితంలో లేదు. ఇద్దరూ కలిసి ఆడారు, ఇద్దరూ కలిసి ఓడారు. ఒకడు రెండోవాడిని హాల్లో నిలబెట్టలేదు.

తెల్లశకటు జి5కి వచ్చింది. ఇప్పుడు నల్లవాళ్ళ తొమ్మిదో ఎత్తు.

"అసలు ఆటలో ఇక్కడ బంటుని బి5కి తోసి చచ్చారు," అందామె. "పోగొట్టుకున్న అవకాశం ఏదంటే..."

ఆమె చెయ్యి నల్ల పావుల మీద ఆగింది. రాజూ మంత్రీ పైనా కిందా గళ్ళలో ఉన్నాయి. చెయ్యి ఒక పావుని లేపింది. ఎడమ పక్కకి జరిగింది. సి7 గడిలో దించింది.

మంత్రి.

"మంత్రి సి7," అంది.

చెవిలో ఆర్థర్ గొంతు. "అంకుల్, ఇక్కడ కంప్యూటర్ కూడా అదే అంటోంది. మంత్రి సి7. మా ఎక్స్‌పర్ట్ పుస్తకంలో కూడా అదే ఉంది. కరెక్టేనా? ఇక్కడ పన్నెండు మందిమి వింటున్నాం. ఎస్ ఆర్ నో?"

గోడగడియారంలో పదకొండు ఇరవై ఆరు.

ఎస్ అంటే సరిపోతుంది. పుస్తకాలు అదే అంటున్నాయి. నిజమైన చదరంగంలో జవాబూ అదే. హెన్రీ కూతురు కూడా ఎప్పుడో అసలు రూల్స్ నేర్చుకునే ఉంటుంది కదా. నాన్న పరువు తీసిన ఎత్తుని పట్టుకుని ఎందుకు వేలాడుతుంది? ఎస్ అనేస్తే ఆ గెంతు మట్టిలో కలిసిపోతుంది. ఎవరూ ఏమీ అడగరు.

ఆ ఆలోచన అతనికి ఎంత హాయిగా అనిపించిందంటే, దానికే సిగ్గు వేసింది. ఆ రోజు స్టేజీ మీద మూడు మాటలు కూడా ఇంత హాయిగానే వచ్చాయి.

గణపతికి తెలుసు. హెన్రీ రాసింది ఆ ఒక్క మాటే. పుస్తకంలో ఉన్న జవాబైతే గణపతితో పనేముంది?

"అంకుల్! టైము లేదు! ఓకే ఇచ్చేయండి!"

"నో," అన్నాడు గణపతిరావు.

ఎదుటి ఆమె కనుబొమ్మ లేచింది. "ఎవరితో మాట్లాడుతున్నారు?"

"నో అంటే ఎలా? ఎత్తు కరెక్టే కదా!" చెవిలో ఆర్థర్.

"ఎత్తు కరెక్టే సార్. జవాబు కాదు." గణపతిరావు ఈసారి నేలకేసి చూడలేదు. "జవాబు తప్పుటెత్తు. నాటు ఆటలో రాజు గెంతు. ఏ కంప్యూటరూ సెప్పదు. ఆ రోజు ఈ హాల్లో నేను ఏసినాను. నవ్వినారు. హెన్రీ సెప్పినాడని అన్నాను. హెన్రీ సెప్పనేదు సార్. ఆ గెంతు నాది. అతని నెత్తిన ఎట్టీసినాను."

అతను ఒక సంవత్సరంలో మాట్లాడే మాటలు అవి. ఢిల్లీలో పన్నెండు మందీ వాటిని విన్నారు.

విన్నవాళ్ళలో టోని కూడా ఉన్నాడు. ఆ చివర ట్రే పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. "ఏటీ? గెంతు హెన్రీది కాదా?!"

తెల్ల హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అరచేతిలో ఇమిడే పిస్తోలు బయటికి వచ్చింది. సైలెన్సర్‌తో సహా లిప్‌స్టిక్ కన్నా కాస్త పెద్దది.

"కంప్యూటర్ల కాలంలో ఇంత తెలివితక్కువ జవాబు ఎవరు ఊహిస్తారు అంకుల్?" ఆమె గొంతులో తీపి పోయింది. "పోనీలెండి. సరుకు ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. వచ్చిన దగ్గర్నుంచి మీ చూపు ఆ రాజు మీదే ఉంది. ఇటు ఇవ్వండి."

గణపతిరావు నల్లరాజుని చేతిలోకి తీసుకున్నాడు. షెడ్లో నట్లు విసిరి అందుకున్న చెయ్యి అది. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా మర్చిపోలేదు. మణికట్టు ఒక్కసారి తిరిగింది. నల్లరాజు బల్ల మీంచి, టేబుల్ టెన్నిస్ నెట్ మీంచి గెంతి, గుమ్మం దాటి వరండాలో పడి, మెట్ల మీద టకటకమంటూ దొర్లిపోయింది.

ఆమె కళ్ళు దాని వెంట వెళ్ళాయి. ఒక్క సెకను. టోని ట్రేలో ఉన్న నాలుగు గ్లాసుల వేడి టీకి అది చాలు. ఆమె కెవ్వుమంది. పిస్తోలు కింద పడింది. గణపతిరావు కొత్తగా కుట్టించుకున్న చెప్పుతో దాన్ని బల్ల కిందికి తన్నాడు. నిమిషంలో నీలం సిల్కు చీర, టేబుల్ టెన్నిస్ నెట్‌లో చుట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"నలభై ఏళ్ళు దాదా!" టోని ముడి బిగిస్తూ ఇంకా అదే మాట మీద ఉన్నాడు. "నలభై ఏళ్ళు ఆ మనిషిని ఏడిపించినాం! నువ్వు పక్కనే కూకుని టీ తాగినావు!"

గణపతిరావు ముడి రెండో కొస లాగి పట్టుకున్నాడు.

బయట స్కూటీ ఆగింది. మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడు. హెల్మెట్ తీయకుండానే ఒక ఆమె లోపలికి వచ్చింది. ఫ్యాక్టరీ యూనిఫారం, మోచేతి దాకా గ్రీజు. చేతిలో నల్లరాజు.

కుర్చీకి కట్టేసిన మనిషిని చూసింది. టోనిని చూసింది. గణపతిరావుని చూసింది. బల్ల దగ్గరికి వచ్చి ఆటని రెండు సెకన్లు చూసింది. సి7లో ఉన్న మంత్రిని తీసి దాని పాత గడిలో పెట్టింది. చేతిలోని నల్లరాజుని ఖాళీ అయిన సి7లో దించింది.

"పూరీ గేట్ కాడ లారీ అడ్డంగా ఎట్టీసినారు మావా," అంది రొప్పుతూ. "సందుల్లోంచి పడి వొచ్చినాను. ఇదేనా జవాబు?"

గణపతిరావు తలాడించాడు.

"మరి సరుకేదీ?"

"దాని కడుపులోనే. తీసుకెల్లు తల్లీ."

రెబెక్కా రాజుని మళ్ళీ గుప్పిట్లో పెట్టుకుని పరుగెత్తింది. గడియారం పదకొండు ముప్పై ఒకటి.

*

పదకొండు యాభై. ఏమీ లేదు.

పదకొండు యాభై ఐదు. ఆఫీసు మనుషులు ఇద్దరు జీపులో వచ్చి, నెట్‌లో ఉన్న మనిషిని ఫోటో తీసి ఢిల్లీకి పంపారు. చెవిలో ఆర్థర్ ఒక బూతుమాట మింగాడు. "అంకుల్, ఇది మన కలకత్తా డెస్క్‌లో పనిచేసే ఏంజలిన్! గొంతు మార్చి మాట్లాడేసరికి పోల్చలేకపోయినాం. మన జీతం, వాళ్ళ జీతం రెండూ తింటోందన్న మాట. ప్రశ్న ఉన్న ఫైల్ పోయిన నెల ఆమె చేతి మీదుగానే వెళ్ళింది."

ఏంజలిన్ తడిసిన జుట్టు విదిలించి గణపతిరావు వైపు చూసింది. "ఫైల్లో జవాబు ఉండి ఉంటేనా..."

పదకొండు యాభై ఎనిమిది. స్టేషన్ వైపు నుంచి ఏదో రైలు కూత వేసింది. గణపతిరావు లేచి నిలబడ్డాడు.

పదకొండు యాభై తొమ్మిది. చెవిలో పన్నెండు మంది ఊపిరి వినిపిస్తోంది.

ఇంకా నలభై సెకన్లే.

"పెన్‌డ్రైవ్ పెట్టేసింది!" ఆర్థర్ అరిచాడు. "వైరస్ క్లీన్! అన్ని సిగ్నళ్ళూ నార్మల్! అంకుల్, వింటున్నారా?"

"ఊఁ," అన్నాడు ఏజెంట్ 58. కూర్చున్నాడు.

*

మధ్యాహ్నం మూడింటికి రెబెక్కా రాజుని తిరిగి ఇవ్వడానికి వచ్చింది. హెల్మెట్ తీశాక చూస్తే ముక్కు వాళ్ళ అమ్మది. నవ్వు మాత్రం హెన్రీది.

"మావా, నువ్వు ఢిల్లీకి సెప్పిందంతా ఆర్థర్ సార్ నాకు సెప్పినారు."

గణపతిరావు నేలకేసి చూశాడు.

"నాన్న నాకు ఎప్పుడో సెప్పేసినాడు, ఆ గెంతు నీదని. అమ్మకైతే సెప్పకుండానే తెలుసు. 'మీ నాన్నకి గుర్రం ఎటు గెంతుతదో కూడా సరిగ్గా తెల్దు, రాజునేటి గెంతిస్తాడు' అనీది."

"ఆఖరి చూపుకి రానేదు నేను."

"తెలుసు."

"రైలు దొరికింది."

"అదీ తెలుసు మావా."

పర్వాలేదని ఆమె అనలేదు. గణపతిరావుకి అదే నయమనిపించింది.

టోని రెండు టీలు తెచ్చి పెట్టాడు. గణపతిరావు గ్లాసు కాస్త గట్టిగానే పెట్టాడు. "మరిప్పుడు గెంతు గణపతి అనాలా దాదా? ఇన్నేళ్ళ అలవాటు. నోరు తిరగదే."

"తిప్పు," అన్నాడు గణపతిరావు. "అందరికీ సెప్పు."

రెబెక్కా ఆటని తొమ్మిదో ఎత్తు దాకా పేర్చింది. నల్లరాజుని సి7లోకి గెంతించి, బల్ల తన వైపు తిప్పుకుంది.

"మావా, ఒక సంగతి. నాటు ఆట రూల్స్ ప్రకారమే అనుకో. రాజు ఇటు గెంతితే, ఆ ఎఫ్7 బంటుకి కాపలా ఎవరు?"

"మంత్రి ఉన్నాది."

ఆమె తెల్లశకటుతో ఎఫ్7 బంటుని తినేసింది. గణపతిరావు చెయ్యి మంత్రి మీదకి వెళ్ళింది. ఆగింది. శకటుని తింటే, వెనక బి3లోంచి తెల్లమంత్రి వచ్చి ఈ మంత్రిని తింటుంది. బంటు ఊరికే పోయింది.

"నాన్న ఆ రోజే సూసినాడంట," అంది రెబెక్కా. "నువ్వు స్టేజీ మీద అంత సంబరంగా ఉంటే సెప్పలేకపోయినాడంట."

ఏజెంట్ 58 చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, ఢిల్లీలో ఉన్న పన్నెండు మందికీ ఇది కూడా వినపడడం అనవసరమనిపించి, హియరింగ్ ఎయిడ్ స్విచ్ ఆపేశాడు.